జెడ్ ప్రైమ్ లిమిట్ ప్లాట్‌లో నా గీత అట్లాస్ గీతని అసలు తాకట్లేదు, ఎక్కడ తప్పు చేశానో చెప్పరా

ప్రశ్న: అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మా సార్ ఒక కొత్త మోడల్ ఇచ్చారు, దానికి ముందు చెయ్యి తిరగాలని సీక్వెన్షియల్ జెడ్ ప్రైమ్ తీసుకున్నా, అదే మామూలు జెడ్ కణం కప్లింగులతోనే (వేరే కణాలతో తగులుకునే బలాలతోనే) ఉండే, ఇంకా దొరకని బరువైన కణం. మ్యాడ్‌గ్రాఫ్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంలో 13 టీఈవీ ఢీలకి క్రాస్ సెక్షన్ (అది పుట్టే అవకాశం) లాగి, సెర్న్‌లోని అట్లాస్ ప్రయోగం వాళ్ళ 2019 డైలెప్టాన్ (ఎలక్ట్రాన్ లేదా మ్యూఆన్ జంటల) పేపర్ తాలూకు హెప్‌డేటా (ప్రయోగాల డేటా పెట్టే సైట్) టేబుల్ మీద గీశా. వాళ్ళకి 5.1 టీఈవీ మాస్ దగ్గర థియరీ గీత, లిమిట్ గీత (డేటా ఒప్పుకునే గరిష్ఠం) కలుస్తాయి, నాది 6 టీఈవీ దాకా పోయినా పైపైనే పోతోంది. రెండు రోజుల్నుంచీ పికోబార్న్, ఫెమ్టోబార్న్ అని యూనిట్లే చూస్తున్నా, అవి కరెక్టే.

జవాబు: జెడ్ ప్రైమ్ పుట్టేదాకానే లెక్కేశావా, లేక అది ఎలక్ట్రాన్ జంటగా విరిగేదాకా వేశావా?

ప్రశ్న: పుట్టేదాకానే అన్నా.

జవాబు: అదీ సంగతి. ఆ టేబుల్‌లో ఉన్నది క్రాస్ సెక్షన్ ఇంటూ బ్రాంచింగ్ రేషియో (ఆ జంటగా విరిగే వాటా). ఈ మోడల్‌లో ఒక్కో లెప్టాన్ రకానికి వచ్చేది సుమారు 3 శాతమే, మిగతాదంతా ఎక్కువగా క్వార్కులకే పోతుంది, అంటే నీ గీత ముప్ఫై రెట్లు పైన ఉంది. ఎలక్ట్రాన్, మ్యూఆన్ కలిపిన టేబుల్ వాడినా 3 కి 3 కలిపి 6 చెయ్యకు, అదీ ఒక్క రకానికే ఇచ్చారు. ఇంకో మెలిక, అది ఫిడ్యూషియల్ లిమిట్ (కొన్ని షరతుల లోపల పడ్డవాటికే ఇచ్చినది), అంటే రెండు లెప్టాన్ల పీటీ (బీమ్‌కి అడ్డంగా ఉండే మొమెంటం) 30 జీఈవీ పైన, ఈటా (బీమ్‌తో చేసే కోణానికి కొలత) 2.5 లోపల, జంట మాస్ మాత్రం నువ్వనుకున్న మాస్ మైనస్ రెండు విడ్త్‌ల (మాస్ శిఖరం వెడల్పు) పైన ఉండాలి. ఈ మూడోది మర్చిపోతే కింది మాస్‌లో పడే తోక కూడా కలిసిపోతుంది, 5 టీఈవీ దగ్గర అంత ఎనర్జీ ఉన్న క్వార్క్ జంటలే అరుదు కాబట్టి ఆ తోక చిన్నదేం కాదు. నేనూ ఒకసారి ఇక్కడే వారం పోగొట్టుకున్నా.

ప్రశ్న: మూడు కట్లూ (ఆ షరతులు) పెట్టా, 5 పక్కకి వచ్చింది! థాంక్స్ అన్నా. కానీ సార్ మోడల్‌లో జెడ్ ప్రైమ్ డార్క్ మేటర్‌కి కూడా విరుగుతుంది, కొన్ని పాయింట్లలో విడ్త్ మాస్‌లో 14 శాతం వస్తోంది.

ఇంకొకరి జవాబు: అలా విరిగితే రెండు జరుగుతాయమ్మా, లెప్టాన్ వాటా తగ్గి లిమిట్ వదులవుతుంది, విడ్త్ పెరిగి బంప్ పరుచుకుంటుంది. టేబుళ్ళు సున్నా నుంచి 10 శాతం దాకా విడ్త్‌లకి విడివిడిగా ఉన్నాయి, సీక్వెన్షియల్‌కి 3 శాతం, నీ పాయింట్‌కి దగ్గరది చూసి వాడు. 14 కి మాత్రం ఏదీ పనికిరాదు, 10 శాతం టేబుల్‌నే సాగదీసి ఎక్స్‌క్లూడెడ్ (డేటా కొట్టేసింది) అని రాసెయ్యకు, వైవాలో అడిగే మొదటి ప్రశ్న అదే అవుద్ది. ఇంకా విడ్త్ పెరిగిపోతే కప్లింగ్ పర్టర్బేటివ్‌గా (మన లెక్క పద్ధతి నమ్మగలిగేంత చిన్నగా) ఉందో లేదో కూడా చూసుకో, అది థియరీ వైపు హద్దు, డేటాతో పని లేదు.

ప్రశ్న: సరే అక్కా, 10 దాటిన పాయింట్లన్నీ గ్రే కలర్‌లో పెట్టి వేరే లెజెండ్ ఇస్తా. ఎక్కువ పాయింట్లు అటే పోయేలా ఉన్నాయి, సార్‌కి ఎలా చెప్పాలో చూడాలి.