టీకా వద్దనే పత్రం తేలికైంది, టీకా వేయించామనే రుజువు కష్టంగానే ఉంది: మీ అనుభవాలు చెప్పండి

పాలకొల్లు తాతయ్య:

అందరికీ నమస్కారం. మాది యలమంచిలి మండలంలో గోదావరి గట్టుకు ఆవల ఉన్న ఒక లంక గ్రామం. మా అల్లుడు నాలుగేళ్లుగా టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వీసా వచ్చి, మొన్న నవంబరులో మా అమ్మాయీ, అయిదేళ్ల మనవడూ అక్కడికి వెళ్లారు. వాడు 2020 జూన్‌లో పుట్టిన దగ్గరనుంచీ మా ఇంట్లోనే పెరిగాడు. టీకాల రోజు వచ్చిందంటే భుజాన వేసుకుని సబ్‌సెంటరుకు తీసుకువెళ్లినది నేనే కాబట్టి, ఒక్క సూది కూడా తప్పలేదని గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు అక్కడి బడిలో కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోవాలంటే ప్రతి టీకా ఏ తేదీన పడిందో చూపించమన్నారు. కార్డు ఇక్కడే ఉండిపోయింది. వెతికితే బీరువా అడుగు అరలో దొరికింది గాని, 2022 జూలై వరదలో మా ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ అర మునిగింది. నీలి సిరా పాకి, మధ్య పేజీ అంతా ఒకే మరకగా మారింది. ఒకచోట ‘ఎంఆర్’ అన్న అక్షరాలు, వాటి పక్కన ‘21’ అన్న అంకె మాత్రం నిలిచాయి.

ఈ సంగతి విని అక్కడి తెలుగువారు ఒకరు మా అల్లుడికి ఒక సలహా ఇచ్చారట. టీకాల మినహాయింపు పత్రం ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే దొరుకుతుందనీ, దాన్ని ముద్రించి, నోటరీ చేయించి బడిలో ఇచ్చేస్తే రెండేళ్ల వరకు ఎవరూ అడగరనీ చెప్పారట. టీకాలన్నీ వేయించిన పిల్లవాడి గురించి, టీకాలు మా నమ్మకానికి విరుద్ధమని ప్రమాణం చేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి చిక్కు పడినవారు ఎలా బయటపడ్డారో దయచేసి రాయండి.

రావులపాలెం ఆడపడుచు, ఫ్రిస్కో:

తాతయ్యగారూ, మీకు చెప్పిన సమాచారం తప్పు కాదు. టెక్సస్‌లో మనస్సాక్షి పేరిట మినహాయింపు 2003 నుంచీ ఉంది. ఇంతకుముందు ఆ పత్రం కావాలంటే ఆరోగ్య శాఖను అడిగి, అది తపాలాలో వచ్చేవరకు ఆగవలసి వచ్చేది. 2025లో చట్టం మార్చారు. ఆ సెప్టెంబరు 1 నుంచి ఖాళీ పత్రాన్ని ఎవరైనా ఇంట్లో దించుకోవచ్చు. నోటరీ నిబంధన మాత్రం అలాగే ఉంది. ఏ ఏ టీకాలు వద్దో ఆ పత్రంలో విడివిడిగా గుర్తు పెట్టాలి. అంటువ్యాధి అత్యవసర పరిస్థితిని ప్రకటిస్తే, ఈ పత్రం ఇచ్చిన పిల్లలను బడికి రానివ్వకుండా ఆపవచ్చన్న షరతు కూడా అందులోనే ఉంటుంది. దాన్ని చదవకుండా సంతకం చేసినవారిని నేను చూశాను.

ఆ చట్టం అమలులోకి రావడానికి పక్షం రోజుల ముందే, అంటే ఆగస్టు 18న, పశ్చిమ టెక్సస్‌లో తట్టు వ్యాప్తి ముగిసిందని ప్రకటించారు. 762 మందికి సోకింది. బడి వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. అది మా ఊరికి దూరమే అయినా, ఆ వేసవి అంతా మా చిన్నదానికి కొంచెం ఒళ్లు వెచ్చబడితే చాలు, చెవుల వెనక ఎర్ర మచ్చలు ఉన్నాయేమోనని దీపం పెట్టి చూసేదాన్ని.

నా మాట వినండి. మీ అమ్మాయికి కావలసింది మినహాయింపు కాదు, రుజువు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, బి టీకాల విషయంలో కార్డు లేకపోయినా, రక్తపరీక్షలో నిరోధకశక్తి ఉన్నట్టు తేలితే ఇక్కడి బడులు ఒప్పుకుంటాయి. మా పెద్దవాడికి మేము అలాగే చేశాం.

కోనసీమ ఏఎన్‌ఎం:

తాతయ్యగారూ, కార్డు తడిసినా మా రిజిస్టరు ఉంటుంది, కంగారు పడకండి. మేము టీకా వేసిన ప్రతి బిడ్డనూ రిజిస్టరులోనూ, ఆన్‌లైన్‌లోనూ నమోదు చేస్తాం. కార్డు మొదటి పేజీలో ఆర్‌సీహెచ్ నంబరు అని తల్లీబిడ్డల నమోదు సంఖ్య ఒకటి ఉంటుంది; అట్ట కొంచెం మందం కాబట్టి అది చెరగకుండా ఉండవచ్చు, వెలుతురులో పెట్టి చూడండి. ఆ నంబరు, తల్లి ఆధార్, బిడ్డ జనన ధ్రువపత్రం తీసుకుని మీ గ్రామ సచివాలయంలోని ఏఎన్‌ఎంను బుధవారం, శనివారం కాకుండా మరో రోజు కలవండి. ఆ రెండు రోజులూ టీకాల రోజులు కాబట్టి ఆవిడకు తల ఎత్తే తీరిక ఉండదు. రిజిస్టరులోని తేదీలను ఇంగ్లిషులో రాయించి, పీహెచ్‌సీ వైద్యాధికారి సంతకం, ముద్ర వేయించండి.

అయితే మన కార్డు పూర్తిగా నిండి ఉన్నా అమెరికాలో కొన్ని ఖాళీలు కనిపిస్తాయి. అది మీ తప్పూ కాదు, మా తప్పూ కాదు. మన ప్రభుత్వ టీకా ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా మాత్రమే. గవదబిళ్లలది అందులో లేదు. మనం మొదటి ఎంఆర్ తొమ్మిది నెలలు నిండగానే వేస్తాం, వారు ఏడాది నిండాక వేసినదే లెక్కలోకి తీసుకుంటారు. ఆటలమ్మ, హెపటైటిస్ ఎ టీకాలు మన ప్రభుత్వ జాబితాలోనే లేవు. 2016 ఏప్రిల్ నుంచి మనం వేస్తున్న పోలియో చుక్కల మందులో మూడు రకాల వైరస్‌లకు బదులు రెండే ఉన్నాయి కాబట్టి, ఆ చుక్కలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కించదు. ఇవన్నీ ముందే తెలిస్తే, ఊరు దాటకముందే సగం పని ఇక్కడే అయిపోయేది. వీసా పనులు మొదలుపెట్టిన ప్రతి కుటుంబానికీ నేను ఇప్పుడు ఇదే చెబుతున్నాను.

మండపేట వాసి, డాలస్:

నేను కొంచెం భిన్నమైన అనుభవం చెబుతాను, దయచేసి ఆవేశపడకుండా చదవండి. మా పాపకు ఒక టీకా వేసిన పావుగంటలో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందక అత్యవసర విభాగానికి తీసుకువెళ్లవలసి వచ్చింది. వైద్య కారణంతో మినహాయింపు కోసం వెళితే, డాక్టరు రాసే ఉత్తరం ఒక సంవత్సరమే చెల్లుతుందన్నారు. మరుసటి ఏడు మేము ఇల్లు మారాం, డాక్టరు మారారు, కొత్తవారు పాత కాగితాలు వచ్చేవరకు రాయనన్నారు. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. చివరికి మనస్సాక్షి పత్రానికే దరఖాస్తు చేసి, తపాలాలో అది వచ్చేవరకు రోజూ ఉత్తరాల పెట్టె తెరిచి చూశాం. అది ఇంట్లోనే ముద్రించుకునే వీలు అప్పుడే ఉండి ఉంటే మా పాపకు మూడు వారాల చదువు పోయేది కాదు. ఈ సౌకర్యం వాడుకునే వారందరూ టీకాలను కాదనేవారే అనుకోవడం న్యాయం కాదు.

భీమవరం పిల్లల వైద్యుడు:

మండపేట వాసి గారూ, మీ పాపకు జరిగినది అసలైన వైద్య కారణం. అందులో సందేహానికి తావే లేదు. ఒక టీకాకు అంత తీవ్రమైన ఎలర్జీ వస్తే ఆ టీకా మళ్లీ వేయకూడదు. అయితే తక్కిన టీకాలన్నీ ఆపవలసిన పని లేదు. టెక్సస్ నిబంధనలోనే, అది జీవితాంతం ఉండే సమస్య అని వైద్యుడు ఉత్తరంలో స్పష్టంగా రాస్తే ఏటేటా కొత్త ఉత్తరం అక్కరలేదు. ఆ ఒక్క వాక్యం మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే మీకు ఇంత తిరుగుడు తప్పేది. నా తోటి వైద్యులు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుపెట్టుకోవలసిన విషయమిది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నిజమైన వైద్య కారణం ఉన్న బిడ్డకు దారి కష్టంగానూ, ఏ కారణమూ చెప్పనక్కరలేని దారి సులువుగానూ ఉంటే, జనం సులువైన దారినే పోతారు. మీ కుటుంబం అలా పోవలసి వచ్చిందని మీరే రాశారు. సులువు చేయవలసినది మొదటి దాన్ని. వాషింగ్టన్ రాష్ట్రంలో 2011లో ఒక చిన్న మార్పు చేశారు. మినహాయింపు కోరే తల్లిదండ్రులు ముందుగా ఒక ఆరోగ్య నిపుణుడితో టీకాల మంచిచెడ్డలు మాట్లాడి, ఆయన సంతకం తేవాలన్నారు. వద్దనే హక్కును ఎవరూ తీసివేయలేదు. అయినా ఆ తర్వాత మినహాయింపుల రేటు దాదాపు 40 శాతం తగ్గింది. అంటే ఆ పత్రాలలో చాలా భాగం నమ్మకం వల్ల కాదు, వీలు వల్ల పుట్టినవని నేను అర్థం చేసుకున్నాను.

తణుకు అమ్మాయి, కాలిఫోర్నియా:

నేను ఈ చర్చను రెండు రోజులుగా చదువుతూ, రాయాలా వద్దా అని తటపటాయించాను. మా బాబుకు నాలుగో ఏట రక్త క్యాన్సర్ అని తేలింది. కీమోథెరపీ నడుస్తున్నంత కాలమూ, ముగిసిన తర్వాత కనీసం మూడు నెలలూ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసేది), ఆటలమ్మ వంటి టీకాలు వేయకూడదు, ఎందుకంటే వాటిలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. మా రాష్ట్రంలో 2016 నుంచి వ్యక్తిగత నమ్మకం పేరిట మినహాయింపు లేదు, వైద్య కారణం ఒక్కటే ఉంది. 2021 జనవరి నుంచి డాక్టరే నేరుగా రాష్ట్ర ఆన్‌లైన్ వ్యవస్థలో నింపాలి. ఒక డాక్టరు ఏడాదిలో అయిదు అంతకంటే ఎక్కువ మినహాయింపులు ఇస్తే వాటిని ఆరోగ్య శాఖ పరిశీలిస్తుంది. మా బాబు డాక్టరు మా ఎదురుగానే కంప్యూటరులో నింపి, ముద్రించి చేతికిచ్చారు. మేము ఏ ఆఫీసుకూ తిరగలేదు. నిజంగా అవసరమైనవారికి ఇది ఎంత సులువుగా ఉండవచ్చో నేను చూశాను.

కాని కాగితం ఉన్నంత మాత్రాన బాబుకు రక్షణ వచ్చినట్టు కాదు. వాడి పక్క బల్ల మీద కూర్చునే పిల్లలు టీకా వేయించుకోవడమే వాడికి రక్షణ. మొదటి రోజు బడికి పంపుతూ, మాస్కు తాళ్లు చెవులకు తగిలిస్తున్నప్పుడు, జుట్టు లేని వాడి తల నా అరచేతికి గోరువెచ్చగా తగిలింది. ఆ తరగతిలో ఇరవై మంది ఉంటే, ఇరవై మంది తల్లులకు మనసులోనే దండం పెట్టుకున్నాను. తట్టు ఒక ఊరిలో వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడాలంటారు. 2024-25లో అమెరికా కిండర్‌గార్టెన్ పిల్లలలో అది 92.5 శాతం; మినహాయింపు తీసుకున్నవారు 3.6 శాతం. కార్డు దొరకలేదన్న ఒక్క కారణంతో మన తెలుగు పిల్లలు ఆ 3.6 శాతంలోకి చేరితే లెక్క ఇంకా తప్పుతుంది. టీకా నిజంగా వేయించుకున్న పిల్లవాడూ వేయించుకోని వాడిగా కనిపిస్తాడు, ఒకటో రెండో నిజంగా మిగిలి ఉంటే అవి ఎప్పటికీ పడవు.

అమలాపురం మాస్టారు:

మన దగ్గర బడిలో చేరడానికి టీకా తప్పనిసరి అనే దేశవ్యాప్త చట్టం లేదు కాబట్టి మినహాయింపు అనే మాట మనకు కొత్తగా ఉంటుంది. కాని దాదాపు అలాంటిదే నేను 2017 ఆగస్టులో చూశాను. అప్పుడు మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా వేశారు. అంతకు ముందు వారం ఫోన్లలో తప్పుడు సందేశాలు తిరిగాయి. నా తరగతిలో పదకొండు మంది పిల్లలు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద ‘మా అబ్బాయికి వద్దు’, ‘మా అమ్మాయికి వద్దు’ అని పెద్దవాళ్ల చేత రాయించి తెచ్చారు. ఒక చీటీ కొబ్బరి నూనె మరకతో ఉంది. ఆ తల్లి పొయ్యి దగ్గరే నిలబడి రాసిందని ఆ పిల్ల చెప్పింది. నేను చీటీలు తీసుకోకుండా, తల్లిదండ్రులనే సాయంత్రం రమ్మన్నాను. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త వచ్చి కూర్చున్నారు. పది నిమిషాల మాటల తర్వాత తొమ్మిది మంది ఒప్పుకున్నారు. మిగిలిన ఇద్దరినీ మేము బలవంతపెట్టలేదు.

చీటీ రాయడం సులువైనకొద్దీ మాట్లాడే అవకాశం పోతుంది. ఇది పాత సంగతే. ఇంగ్లండులో 1898లో మశూచి టీకా వద్దనేవారు ఇద్దరు మేజిస్ట్రేటుల ముందు నిలబడి తమ మనస్సాక్షిని నిరూపించుకోవాలన్నారు. మేజిస్ట్రేటులు చాలామందిని కసిరి పంపించారు, అదీ అన్యాయమే. 1907లో దాన్ని ఒక సాధారణ ప్రకటనగా మార్చారు. ఆ తర్వాత మినహాయింపులు బాగా పెరిగాయి. కసరడానికీ, అడగకుండా సంతకం తీసుకోవడానికీ మధ్య కూర్చుని మాట్లాడడం అనే పద్ధతి ఒకటి ఉంది.

మండపేట వాసి, డాలస్:

భీమవరం డాక్టరుగారూ, ధన్యవాదాలు. ‘జీవితాంతం’ అన్న మాట రాయించవచ్చని ఇన్నేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు. ఈ వారమే ఎలర్జీ నిపుణురాలి దగ్గర సమయం తీసుకున్నాను. మిగిలిన టీకాల సంగతి కూడా ఆవిడతోనే మాట్లాడతాం.

పాలకొల్లు తాతయ్య:

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను. కార్డు అట్టను కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే ఆర్‌సీహెచ్ నంబరులో చివరి రెండు అంకెలు తప్ప అన్నీ కనిపించాయి. గురువారం ఉదయం సచివాలయానికి వెళ్లాను. ఏఎన్‌ఎం అమ్మాయి కొత్తగా వచ్చింది. పాత రిజిస్టర్లు సబ్‌సెంటరు అటక మీద ఉన్నాయి కాబట్టి వాటికి తడి తగలలేదు. ఇద్దరం కూర్చుని 2020, 2021 పేజీలు తిప్పాం. మా అమ్మాయి పేరు ఎదురుగా వరుసగా తేదీలు ఉన్నాయి. కార్డులో మిగిలిన ఆ ‘21’ రెండో ఎంఆర్ మోతాదుదే, 2021 నవంబరు. వాడు ఏడాది నిండాక వేసింది కాబట్టి అది చెల్లుతుందని భీమవరం డాక్టరుగారు ఫోనులో ధైర్యం చెప్పారు.

వైద్యాధికారి సంతకం, ముద్ర పడిన కాగితాన్ని ఫొటో తీసి పంపాను. అక్కడి డాక్టరు ఎంఎంఆర్ ఒకటి, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, పోలియో సూది మొదటివి ఒకే రోజు వేశారు, మిగిలిన వాటికి తేదీలు ఇచ్చారు. కావలసిన ప్రతి టీకాలో కనీసం ఒక మోతాదు పడి, తర్వాతివి సమయానికి వేయిస్తూ ఉంటే తాత్కాలికంగా చేర్చుకునే వీలుందని బడివారే చెప్పారు. సోమవారం నుంచి మనవడు బడికి వెళుతున్నాడు. తడిసిన కార్డును పారేయలేదు, పాలిథిన్ కవరులో పెట్టి ఈసారి బీరువా పై అరలో ఉంచాను.