బ్యాండ్ విడిపోతే డ్రమ్మర్ గతేంటి? (బెంగళూరు)

సైడ్‌స్టిక్_సూరి: బ్యాండ్ విడిపోయినా గిటారిస్టు ఒంటరిగా ఏ కెఫేలోనో కూర్చుని వాయించుకోగలడు. డ్రమ్మర్‌కి ఆ వీలు లేదు. ఈ ఊళ్లో ఏ బ్యాండూ లేకుండా ఆర్నెల్లు పని దొరకాలంటే ఏమేం సిద్ధంగా ఉండాలి? ‘బాగా ప్రాక్టీస్ చెయ్యి’ అనకండి, అది తెలిసిందే.

ఘోస్ట్‌నోట్: ముందు సబ్ పని, అంటే వేరే డ్రమ్మర్ బదులు వాయించే పని, పట్టండి. రెగ్యులర్ డ్రమ్మర్‌కి జ్వరమొస్తేనో, ఆఫీసులో సెలవు దొరక్కపోతేనో షోకి రెండ్రోజుల ముందు ఫోనొస్తుంది. అంతలో పాతిక పాటలు బట్టీ పట్టలేం, చార్టు రాసుకోవాలి. పాటకి మూడు లైన్లు చాలు: వేగం (బీపీఎం, అంటే నిమిషానికి బీట్లు), ఏ భాగం ఎన్ని బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు), ముగింపు. ఇలా:

132 బీపీఎం. గిటార్ 4 బార్లు, హైహ్యాట్ 4
పల్లవి 16, ఇంటర్లూడ్ 8, చివరి బార్లో మూడో బీట్ మీద కట్
ముగింపు: సింగర్ చెయ్యెత్తినప్పుడు

ఫిల్స్ (భాగాల మధ్య కొట్టే చిన్న అల్లికలు) రాయకండి. ఫిల్ తప్పితే పక్కనున్న బేసిస్టుకి తెలుస్తుంది, కట్ (అందరూ ఒక్కసారి ఆగే చోటు) తప్పితే హాలంతా తెలుస్తుంది.

మారతహళ్లి_మోత: దీనికి తోడు ఇంకోటి. ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది షోలకీ, అపార్ట్‌మెంట్ గణపతి పందిళ్లకీ పిలిస్తే సిక్స్-ఎయిట్ (బార్‌కి ఆరు దెబ్బల నడక) చేతిలో ఉండాలి. రాక్ నుంచి వచ్చినవాళ్లు తీన్మార్‌ని కూడా స్ట్రెయిట్ ఎయిట్స్‌లో (బీట్‌కి సమానంగా రెండు దెబ్బలుగా) కొట్టి అక్కడే దొరికిపోతారు.

కేఆర్‌పురం_కిక్: పబ్బులో ఉండే కిట్‌ని నమ్ముకోవద్దు. షెల్స్ (డ్రమ్ డబ్బాలు), స్టాండ్లు వాళ్లవి వాడుకోండి. స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్), కిక్ పెడల్, సింబల్స్ (కంచు పళ్లేలు) మాత్రం మీవే తీసుకెళ్లండి. ఆటోలో పట్టేస్తాయి. సంచిలో డ్రమ్ కీ, స్నేర్‌కి స్పేర్ 14 అంగుళాల హెడ్ (డ్రమ్ మీది పొర), స్నేర్ వైర్ కట్టే తాడు, టేపు, నాలుగు జతల స్టిక్స్ ఉండాలి.

అన్నిటికన్నా చవకైనదీ, అందరూ మర్చిపోయేదీ సింబల్ స్టాండ్ ప్లాస్టిక్ స్లీవు. పబ్ స్టాండ్లకి అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. బోల్టు మర నేరుగా సింబల్ రంధ్రాన్ని రాస్తుంది. కొన్నాళ్లకి గుండ్రటి రంధ్రం ఓ పక్కకి తాళంచెవి కన్నంలా సాగి, అక్కణ్ణుంచి పగులు మొదలవుతుంది. నాలుగు స్లీవులు, నాలుగు ఫెల్టులు జేబులో వేసుకోండి. వింగ్‌నట్ బిగదీయకండి, సింబల్ ఊగాలి. ఊగకపోతే దెబ్బంతా అంచే మొయ్యాలి, పగిలేదీ అక్కడే.

కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ముందుకి జారుతుంటే స్పర్స్ (దాని కాళ్లు) ముల్లు బయటికి తిప్పి, కింద 6x6 అడుగుల కార్పెట్ వెయ్యండి. మీ స్టూలు కూడా ఆ కార్పెట్ మీదే ఉండాలి. లేకపోతే కార్పెట్టూ కిక్కూ కలిసే వెళ్తాయి.

ఘోస్ట్‌నోట్: స్నేర్ సంగతి వదిలేశారు. రిమ్‌షాట్లు (అంచూ పొరా ఒకేసారి తగిలే దెబ్బలు) ఎక్కువ కొడితే మీ వైపున్న రెండు లగ్గులు (పొరని బిగించే మరలు) షో మధ్యలో వదులవుతాయి. అదాటున ‘డబ్’మన్న మోత వస్తే ముందు అవే చూడండి, పదీ తిప్పుతూ కూర్చోవద్దు.

పాతకాపు: 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించాక ఈ ఊళ్లో డ్రమ్స్‌తో బతికెయ్యొచ్చు అనిపించింది. పబ్బుల్లో లైవ్ సంగీతానికి లైసెన్సు ఉండాలన్న 2005 నాటి ఉత్తర్వుని 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో ఎన్నో పబ్బుల్లో లైవ్ ఆగిపోయింది. తర్వాత 2020 సరేసరి. అంచేత వేదిక ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. జనవరి నుంచి మార్చి దాకా కాలేజీ ఫెస్ట్‌లు, డిసెంబర్లో కార్పొరేట్ షోలు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఓపెన్ షోలకి వాన. ఆ నెలల్ని పాఠాలు నింపాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ డ్రమ్స్ పరీక్షల్లో ఇనిషియల్ నుంచి గ్రేడ్ 8 దాకా ఉంటుంది. పిల్లలు పరీక్ష కోసమైనా మానకుండా వస్తారు.

సైడ్‌స్టిక్_సూరి: పాఠాలు ఫ్లాట్‌లోనా? కింది ఇంటివాళ్లు ఊరుకుంటారా?

పాతకాపు: మెష్ హెడ్స్ (చప్పుడు తక్కువయ్యే వల పొరలు) ఉన్న ఎలక్ట్రానిక్ కిట్ అయినా ఊరుకోరు. గాల్లో శబ్దం తగ్గుతుంది గానీ పెడల్ దెబ్బ స్లాబులోంచి దిగుతుంది. రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు తెచ్చి, కింది పలకలో టెన్నిస్ బంతి సగం కన్నా తక్కువ దిగేలా రంధ్రాలు కొట్టించి, బంతుల మీద పై పలక పెట్టండి. పలక గోడకి ఎక్కడా తగలకూడదు. తగిలితే చేసిందంతా వృథా.

ఫీజు_ముఖ్యం: డబ్బు మాట ఎవరూ ఎత్తరేం? సగం అడ్వాన్సు, మిగతాది లోడ్-అవుట్‌కి (షో అయ్యాక సామాను సర్దడానికి) ముందు. క్యాన్సిలైతే అడ్వాన్సు వెనక్కివ్వం అని వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. కంపెనీ షో అయితే 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. కోసింది మీ పాన్ మీద జమైందో లేదో ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టల్లో చూసుకోండి.

సొంత పాటలున్న బ్యాండ్ అయితే ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ) వాటా స్వరకర్తకీ, రచయితకీ. డ్రమ్స్ వాయించినందుకే అందులో వాటా రాదు. బాణీలో మీ చెయ్యి ఉంటే రికార్డింగ్ రోజే శాతాలు రాసి అందరూ సంతకాలు పెట్టాలి. విడిపోయాక అడిగితే ఎవరికీ గుర్తుండదు.

డబుల్‌పెడల్: చెవులు కూడా. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు ఫర్వాలేదంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. రిహార్సల్ రూములో అది మొదటి పాటకే దాటుతుంది. దూది పనికిరాదు, మ్యుజీషియన్ ఇయర్‌ప్లగ్స్ కొనండి.

సైడ్‌స్టిక్_సూరి: బంతులు ఎన్ని కావాలి?

పాతకాపు: 4x5 అడుగుల పలకకి ఇరవై. స్టూలు కింద దగ్గర దగ్గరగా పెట్టండి, బరువంతా అక్కడే. కొత్త బంతులే కొనండి, మెత్తబడ్డవి నెలలో అణిగిపోతాయి.