75 మంది దాటినా మ్యాచింగ్ ఫండ్స్ అర్హత రావట్లేదు, ఎక్కడ ఆగిందో చెప్పండి

ప్రచార_ఖాతా:
నమస్తే అండీ. మావాడొకడు అమెరికాలో సిటీ కౌన్సిల్‌కి నిలబడుతున్నాడు, ట్రెజరర్ పని నా నెత్తిన పడింది. మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నా, తల పగిలిపోతోంది. మ్యాచింగ్ ఫండ్స్‌కి, అంటే దాతలిచ్చినదానికి ఇన్నింతలని ప్రభుత్వం కలిపిచ్చే డబ్బుకి, 75 మంది దాతలు, 5,000 డాలర్లు కావాలన్నారు. మాకు 118 మంది ఇచ్చారు, 11,400 వచ్చింది. అయినా అర్హత లెక్కలో 41 మంది, 3,900 అనే చూపిస్తోంది. అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించినా అదే అంకె. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందా? ఈ వారంలో స్టేట్‌మెంట్ పెట్టాలి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సీదామాట:
ఏ ఊరు? దాతలు ఎక్కడుంటారు?

తూర్పుగట్టు:
సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఎన్నికల ఖర్చు ప్రభుత్వం భరించాలని మన దేశంలో ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లోనే చెప్పింది. అదీ డబ్బు చేతికివ్వకుండా వస్తురూపంలో, గుర్తింపు పొందిన పార్టీలకే. ఇండిపెండెంట్లకి అందులో చోటు లేదు. పంచాయతీల సంగతి ఇంకా కష్టం. తెలంగాణలో జనాభా 5,000 దాటిన ఊళ్లో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు. ప్రభుత్వం నుంచి పైసా రాదు. పొలం తాకట్టు పెట్టో, కాంట్రాక్టర్ దగ్గర తెచ్చో నిలబడతాడు. గెలిచాక ఆ బాకీ ఊరే తీర్చాలి. పబ్లిక్ ఫండింగ్ ముందు రావాల్సింది అక్కడ.

సీదామాట:
ఆయన అడిగింది పంచాయతీ గురించి కాదు.

తూర్పుగట్టు:
అడగకపోయినా సంబంధం ఉంది. స్థానిక ఎన్నికలంటే స్థానిక ఎన్నికలే.

ప్రచార_ఖాతా:
న్యూయార్క్ సిటీ అండీ, క్వీన్స్‌లో ఒక డిస్ట్రిక్ట్, అంటే కౌన్సిల్ నియోజకవర్గం. దాతలంతా మనవాళ్లే, ఉగాది సభలో చాలామంది ఇచ్చారు. కొందరు 500 కూడా ఇచ్చారు.

లెక్కల_పిన్ని:
అయితే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు బాబూ. అక్కడ రెండు లెక్కలు విడివిడిగా నడుస్తాయి. 75 మంది అంటే మీ డిస్ట్రిక్ట్‌లోనే కాపురముంటూ కనీసం 10 డాలర్లు ఇచ్చినవాళ్లు. 5,000కి మాత్రం సిటీలో ఎక్కడివాళ్లైనా పనికొస్తారు, కానీ ఒక్కొక్కరి దగ్గర మొదటి 175 మాత్రమే లెక్క. 500 ఇచ్చినాయన మిగతా 325 మీరు ఖర్చు పెట్టుకోవచ్చు, అర్హతకి మాత్రం కలవదు. న్యూజెర్సీలోని ఎడిసన్ లాంటి చోట్ల నుంచి వచ్చిన డబ్బు తీసుకోవడం తప్పు కాదు గానీ అందులో ఒక్క డాలరూ మ్యాచ్ కాదు. జాబితాని జిప్ కోడ్ల (మన పిన్ కోడ్లలాంటివి) ప్రకారం విడదీయండి. 07, 08తో మొదలయ్యేవి న్యూజెర్సీవి, వాటిని పక్కన పెట్టి చూడండి. సిటీతో కాంట్రాక్టులున్నవాళ్లకి వేరే జాబితా ఉంది, అందులో పేరుంటే వాళ్లవీ మ్యాచ్ కావు. సభలో నగదు తీసుకుంటే మనిషికి 100 దాటకూడదు, దాత సంతకం చేసిన విరాళం కార్డు ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, సిటీ నివాసి 20 డాలర్లిస్తే దాని మీద ఖజానా నుంచి 160 వస్తుంది. 175 ఇస్తే 1,400. 1988లో చట్టం చేసినప్పుడు ఒకటికి ఒకటే ఇచ్చేవారు, 2018 రెఫరెండంతో ఎనిమిదింతలైంది. ఇది జనం పన్ను. సొంత డిస్ట్రిక్ట్‌లో 75 గడపలు తొక్కనివాడికి అది ఇవ్వకూడదు, నా మటుకు నాకు ఆ నియమం చాలా న్యాయంగా కనిపిస్తుంది.

సీదామాట:
దాతల్లో హెచ్1బీ వాళ్లున్నారా? ఉంటే ముందు వాళ్ల డబ్బు తిరిగిచ్చేయండి. విదేశీయుల్లో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ విరాళం ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం, లోకల్ ఎన్నికలకీ వర్తిస్తుంది.

తూర్పుగట్టు:
ఇదేం న్యాయం? పన్ను వాళ్లూ కడుతున్నారు. ఆ పన్నులోంచే అభ్యర్థికి ఎనిమిదింతలు పోతోంది, వాళ్లు మాత్రం పది డాలర్లు ఇవ్వకూడదా?

సీదామాట:
అలాంటివాళ్లు కోర్టుకి వెళ్లారు. 2012లో అమెరికా సుప్రీంకోర్టు నిషేధాన్నే ఖాయం చేసింది. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పని చేయొచ్చు.

వానల_ఊరు:
మ్యాచింగ్ అంటే ముందు జేబులో డబ్బుండాలి కదండీ. సియాటిల్‌లో మేం 2015లో ఓటేసి, నచ్చిన అభ్యర్థికి విరాళంగా ఇచ్చే వోచర్లు తెచ్చుకున్నాం. 25 డాలర్లవి నాలుగు, ఓటర్లకి వాటంతటవే ఇంటికొస్తాయి. మా అత్తగారికి గ్రీన్ కార్డే, ఓటు లేదు. దరఖాస్తు పెట్టి తెప్పించుకున్నారు. మా వీధిలో తలుపు తట్టిన అభ్యర్థిని కూర్చోబెట్టి బస్సుల గురించి గట్టిగా అడిగి, అప్పుడు ఇచ్చారు. అంతకుముందు ఆవిడని ఏ అభ్యర్థీ పలకరించలేదు.

లెక్కల_పిన్ని:
మంచిదే, కానీ అది మ్యాచింగ్ కాదు. ఇక్కడ కలిపితే అడిగినాయన గందరగోళపడతాడు.

వానల_ఊరు:
ఆస్తి పన్నులోంచి వస్తోంది, అదీ పబ్లిక్ ఫండింగే. మ్యాచింగ్ ఒక్కటే అసలైనది అన్నట్టు మాట్లాడకండి.

లెక్కల_పిన్ని:
అలా అనలేదండీ. ఆయన నింపేది మ్యాచింగ్ క్లెయిమ్ కాబట్టి చెప్పాను.

తూర్పుగట్టు:
వోచర్లయితే మన పంచాయతీలకి సరిగ్గా సరిపోతుంది. ఇంటికో వోచర్ ఇస్తే...

సీదామాట:
లా కమిషన్ 2015లో మన దగ్గర పూర్తి ప్రభుత్వ ఖర్చు సాధ్యం కాదంది. దానికి వేరే చర్చ పెట్టండి.

తూర్పుగట్టు:
పూర్తిగా కుదరదన్నారు, అసలే వద్దనలేదు. వేరే పెడతా.

ప్రచార_ఖాతా:
జిప్ కోడ్లు విడదీశా, జెర్సీవే సగం పైన. డిస్ట్రిక్ట్‌లో ఇంకా 34 మంది కావాలి, శనివారం నుంచి ఇళ్లకి వెళ్తున్నాం. వీసా సంగతి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాలి. కార్డు మీద యజమాని పేరు రాయనివి కూడా ఆగిపోతాయా?

సీదామాట:
99 డాలర్లు దాటితే ఉద్యోగం, యజమాని వివరాలు కావాలి. లోపైతే అక్కర్లేదు.

ప్రచార_ఖాతా:
సరే అండీ, థాంక్స్.