విసోత్స్కీ 42 ఏళ్లకే పోవడానికి కారణం ఎవరు?

ఏడుతీగలు: సోవియట్ కవి, గాయకుడు, నటుడు వ్లదీమిర్ విసోత్స్కీ 1980 జూలై 25న, మాస్కోలో ఒలింపిక్స్ జరుగుతుండగా పోయాడు. అంతకు వారం ముందే తాగంకా థియేటర్‌లో హామ్లెట్‌గా వేశాడు, 1971 నుంచీ ఆ వేషం ఆయనదే. ఏడు తీగల గిటార్‌తో, ఆ బొంగురు గొంతుతో పాడినవి వందల పాటలు, టేపుల మీద దేశమంతా చేతులు మారాయి, కానీ బతికుండగా సోవియట్ యూనియన్‌లో ఒక్క కవితా సంపుటి అచ్చు కాలేదు, సొంత ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఒక్కటీ రాలేదు. ఆయన్ని చంపింది ప్రభుత్వమే అంటాను.

పాతరికార్డు: రికార్డులు రాలేదనడం తప్పు. ప్రభుత్వ కంపెనీ మెలోదియానే ఆయన సినిమా పాటలు వేసింది.

ఏడుతీగలు: అవి చిన్న రికార్డులు. నేనన్నది ఎల్పీ.

పాతరికార్డు: 1976లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథ రెండు ఎల్పీలుగా వచ్చింది. పాటలు ఆయనవే.

ఏడుతీగలు: అది పిల్లల నాటకం అండీ, చాలా పాటలు వేరేవాళ్లు పాడారు! ఆయన సొంత ఎల్పీ పారిస్‌లో వచ్చింది, 1977లో.

చిన్నమాట: 1979 టీవీ సీరియల్‌లో పోలీసు జెగ్లోవ్‌గా చూశారా? ఆ కళ్లు మర్చిపోలేం.

మునేరు: రికార్డులు లెక్కపెడుతున్నారు గానీ తాగుడు మాట ఎవరూ ఎత్తరేం? 1979 జూలైలో బుఖారాలో గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది. ఏడాదికి మనిషే లేడు. వోడ్కా, ఆపైన మార్ఫిన్.

ఏడుతీగలు: మీకు మనిషి కన్నా పోస్టుమార్టం ముఖ్యంలా ఉంది. నేను పదేళ్లు పాటలు రాసి తిరిగాను, ఒక్కరూ తీసుకోలేదు. తలుపులన్నీ మూస్తే లోపల ఏమవుతుందో నాకు తెలుసు.

మునేరు: అయితే వినండి. మా అన్న హార్మోనియం వాయించేవాడు. కళాకారుడు కదా, చుక్క పడకపోతే పాట రాదని గ్లాసు చేతిలో పెట్టినవాళ్లే శవం దగ్గర గొంతెత్తి ఏడ్చారు. 39 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. విసోత్స్కీకీ ఇద్దరు కొడుకులే. ఆయన గొప్పవాడు కాదని నేననలేదు, ఆ చావుని గొప్ప చేయొద్దంటున్నాను.

పాతరికార్డు: 1987లో ప్రభుత్వ బహుమతి ఇచ్చారు, కచేరీల ఎల్పీలు వరసగా వేశారు. అన్నీ పోయాకే. ఆ మాట ఒప్పుకుంటున్నా.

ఏడుతీగలు: మునేరు గారూ, తెలియక మాట తూలాను, క్షమించండి. తాగుడుని నేను వెనకేసుకు రావట్లేదు. హాలు నిండా జనం ఉండీ చేతిలో పుస్తకం లేని మనిషి రాత్రిళ్లు ఎలా గడిపాడో అది కూడా చూడమంటున్నాను.

మునేరు: ఆయన గుర్రాల పాట నేనూ వింటాను. నెమ్మదిగా పొమ్మని గుర్రాల్ని బతిమాలుతూనే కొరడాతో కొడుతుంటాడు. అంటే ఆయనకి తెలుసు. మా అన్నకీ తెలుసు. నా కోపం అక్కడే.