గేమ్ మోడ్‌కు డబ్బు అడగవచ్చా?

కాలువగట్టు: లారీలు నడిపే గేమ్ యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 కోసం రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం దాకా మ్యాపు మోడ్ (ఆటగాళ్లు సొంతంగా చేసి గేమ్‌కు జోడించేది) తయారు చేశాను. కాలువలు, కొబ్బరి తోటలు, పల్లెవెలుగు బస్సు అన్నీ ఉన్నాయి. వంద రూపాయల ధర పెడదామనుకుంటున్నాను. గేమ్ కంపెనీ ఒప్పుకుంటుందా? బస్సు మీద ఆర్టీసీ గుర్తు ఉండవచ్చా? డబ్బు ఎలా తీసుకోవాలి?

పాలకొల్లు_పిక్సెల్: నిస్సంకోచంగా పెట్టండి. నేను చేసిన లివరీని (బండి మీద వేసే రంగుల డిజైన్) ఒక యూట్యూబ్ ఛానెల్ వారు నా పేరు చెరిపేసి పంచిపెట్టారు. అడిగితే ‘ఉచితంగా పెట్టిందే కదా’ అన్నారు. అప్పటి నుంచి పాస్‌వర్డ్ లేకుండా ఒక్క ఫైలూ బయటికి వదలడం లేదు.

లంకగాలి: పాస్‌వర్డ్ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. డబ్బు కట్టి బస్సు మోడ్ కొన్నాను. గేమ్ కొత్త వెర్షన్ రాగానే చక్రాలు నేలలోకి దిగిపోయాయి. అమ్మినాయన ఫోను ఎత్తడు. ఫైలుకు తాళం ఉంది కాబట్టి మనమైనా సరిచేసుకునే దారి లేదు.

భీమవరం_బ్లెండర్: 3డి బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాడిని, నా మాట వినండి. 2015 ఏప్రిల్‌లో వాల్వ్ కంపెనీ గేమ్‌ల దుకాణం స్టీమ్‌లో స్కైరిమ్ గేమ్ మోడ్‌లకు ధర పెట్టారు. తయారుచేసినవారి చేతికి వచ్చేది 25 శాతమే. ఆటగాళ్లు తిరగబడితే కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. అందరూ ధర మీద అరిచారు గాని, అరవవలసింది ఆ 25 శాతం మీద. కౌంటర్-స్ట్రైక్ గేమ్ కూడా 1999లో హాఫ్-లైఫ్ అనే గేమ్‌కు ఉచిత మోడ్‌గానే వచ్చింది. మరుసటి ఏడాది వాల్వ్ కొనుక్కుంది. మోడ్ చేసేవాడు పనివాడు, కూలి అడిగే హక్కు ఉంది.

లంకగాలి: పిక్సెల్ గారూ, మీ బస్సు బాడీ ఇండోనేషియా వారి మోడల్‌లా ఉందే? కిటికీల వరస, మెట్లు అచ్చం అవే. రంగు మార్చి తాళం వేస్తే మీదైపోతుందా?

పాలకొల్లు_పిక్సెల్: మాటలు జాగ్రత్త. చేసినవారిని అడిగే తీసుకున్నాను, వారి పేరూ వేశాను.

లంకగాలి: వాడుకోమన్నారా, అమ్ముకోమన్నారా? ఆ మెసేజ్ ఇక్కడ పెట్టండి.

పాలకొల్లు_పిక్సెల్: మీకు చూపించవలసిన అవసరం నాకు లేదు.

నరసాపురం_రేవు: కాలువగట్టు గారూ, మ్యాపులో నరసాపురం–సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) పెడతారా? పెడితే రెండు వందలైనా ఇస్తాను.

యానాం_యాత్రికుడు: పంటు తర్వాత. ముందు ఎదుర్లంక వంతెన కావాలి.

కాలువగట్టు: అన్నయ్యలూ, నేను అడిగినవి అలాగే ఉండిపోయాయి.

భీమవరం_బ్లెండర్: కంపెనీ కంపెనీకీ నిబంధనలు వేరు తమ్ముడూ. మైన్‌క్రాఫ్ట్ గేమ్ ఒప్పందంలో మోడ్‌లు అమ్మకూడదని ఉంది. 2017లో ఆ కంపెనీయే మార్కెట్‌ప్లేస్ తెరిచి, తాను ఎంపిక చేసినవారి చేత అమ్మిస్తోంది. మీ గేమ్ ఒప్పందం చదివాకే ధర సంగతి. ఆర్టీసీ గుర్తు మాత్రం ఈ రోజే తీసేయండి.

కాలువగట్టు: గుర్తు తీసేస్తాను. మ్యాపుకు తాళం మాత్రం వేయను. పంటు ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, రెండు ఒడ్లవీ కావాలి.

లంకగాలి: పిక్సెల్ గారూ, ఆ మెసేజ్ కోసం ఇంకా చూస్తున్నాను.