కొల్లేరు అభయారణ్యం హద్దు +5 కాంటూరు దగ్గరే ఉండాలా, +3కు తగ్గించాలా?

పాలమూరు ఉపాధ్యాయుడు: కొల్లేరును 1999లో +5 కాంటూరు (సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత) వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో కూడా చేరింది. ఆ హద్దును +3కు కుదించాలనే కోరికను నేను వ్యతిరేకిస్తున్నాను. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చినప్పుడు నీరు పరుచుకునేదీ, వరద తీశాక వలస పక్షులు మేత వెతుక్కునే లోతులేని నీరు మిగిలేదీ ఆ అంచు భూముల్లోనే. గత శీతాకాలంలో మా పిల్లలకు ఆటపాకలో గూడబాతులను చూపించినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

దేవరకొండ రైతు: సార్, ఐదు మీటర్ల ఎత్తు వరకు సరస్సే అంటే అక్కడి ఊళ్ళు ఎటు పోవాలి?

పాలమూరు ఉపాధ్యాయుడు: మీటర్లు కాదన్నా, సముద్రమట్టానికి ఐదు అడుగులు.

దేవరకొండ రైతు: అడుగులే అనుకుందాం. గీత గీసేముందు అక్కడివాళ్ళను అడిగారా?

నకిరేకల్ పాఠకురాలు: 2006లో అభయారణ్యం లోపల అధికారులు గట్లు తెంచిన చేపల చెరువుల్లో చాలావాటికి పెట్టుబడి పెట్టింది బయటివాళ్ళేనని విన్నాను.

పాలమూరు ఉపాధ్యాయుడు: అదే నా బాధ కూడా. ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవలసిన నీటికి గట్లు అడ్డుపడితే పక్షులకే కాదు, లంక గ్రామాలకూ ముంపు తప్పదు. రైతన్నా, మీరు అడుగుల దగ్గరే ఆగిపోయారు.

దేవరకొండ రైతు: నేను ఆగింది అడుగుల దగ్గర కాదు. మా నాయన ఊరు జలాశయంలో మునిగినప్పుడు పట్టా ఉన్నవారికి ఏదో కొంత పరిహారం ముట్టింది కానీ, ఇరవై ఏళ్ళు కౌలు చేసిన మా నాయనకు రూపాయి కూడా రాలేదు. ఆనాడు కూడా అందరి మేలు కోసమేనని చెప్పారు. ఇప్పుడు పక్షుల కోసం అంటున్నారు.

హాలియా సభ్యుడు: ఇద్దరూ కొంచెం శాంతించండి.

పాలమూరు ఉపాధ్యాయుడు: మీ నాయనకు జరిగింది అన్యాయమే, అన్నా. జిరాయితీ భూమి, అంటే సొంత పట్టా భూమి ఉన్నవారికి పరిహారం ఇవ్వాలని నేనూ అంటాను, కానీ హద్దు మాత్రం +5 దగ్గరే ఉండాలి.

దేవరకొండ రైతు: జిరాయితీ వరకే అన్నారు. ఆ చెరువు గట్ల మీద మేత వేసి బతికిన కూలీ పేరు ఏ కాగితంలో ఉంది, సార్?