అప్‌డేట్: పాపను బడికి పంపుతున్నాం

కరోనా ఇంకా పోలేదు, ఇంట్లో షుగర్ ఉన్న అత్తగారు ఉన్నారు, మూడో తరగతి పాపను బడికి పంపాలా వద్దా అని అడిగాను కదా. పంపుతున్నాం. ఓపిగ్గా సలహాలు రాసిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది ఒకరు చెప్పిన మాట: శానిటైజర్ సంగతి తర్వాత, ముందు క్లాసు కిటికీలు చూసి రండి అని. వెళ్లి చూశాం. రెండు కిటికీలకు బీరువా అడ్డం, మూడోదాని గొళ్లెం తుప్పు పట్టి కదల్లేదు. గేటు దగ్గర మాత్రం నుదుటికి థర్మామీటర్ గురిపెట్టి ఒకటే హడావిడి! జ్వరం లేనివాళ్లూ అంటించగలరు, మూసిన గదిలో వైరస్ గాల్లోనే తేలుతూ ఉంటుంది. ఇదే టీచరుగారితో అన్నాం. ఆవిడ విసుక్కోలేదు, బీరువా జరిపించారు, గొళ్లెం మార్పించారు. భోజనాలు కూడా ఆరుబయటే.

మాస్కు విషయంలో డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పింది 6–11 ఏళ్ల పిల్లలకు పరిస్థితిని బట్టి అని. ఇంట్లో పెద్దావిడ ఉంటే అంతకు మించిన పరిస్థితి ఏముంటుంది, పెట్టుకోవాల్సిందే అన్నాను. చెవుల వెనక ఒరుసుకుంటోందని పాప గునిసింది. జడ రిబ్బన్‌కి రెండు గుండీలు కుట్టి తాళ్లు వాటికి తగిలించాను, ఇప్పుడు పేచీ లేదు.

అత్తగారిని కొన్నాళ్లు వేరే గదిలో పడుకోమంటే, "నన్ను దాచిపెడతారా ఏంటే" అని కోప్పడ్డారు. ఆవిడకి టీకా రెండు డోసులూ పడ్డాయి కాబట్టి నేనూ పట్టుబట్టలేదు. రాత్రి కథలు వరండాలో నడుస్తున్నాయి.

తేలనిదల్లా స్కూలు వ్యాన్. అద్దాలు దించమంటే డ్రైవర్ దుమ్మంటున్నాడు. అప్పటిదాకా ఈయనే దింపి వస్తున్నారు.